ఇంట కరెంటు పని : పనివానిని ఎంచుకొనుటెట్లు?

పల్లెలో విద్యుద్దీపమును వింతగా చూచిన దినములు గతించినవి. దేశమందలి జనావాస గ్రామములన్నింటికిని 2018 ఏప్రిల్ 28 నాటికి విద్యుత్తు చేరినదని కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. నేడు సామాన్య రైతు ఇంటిలో సైతము దీపములు, పంకాలు మాత్రమేగాక నీటి మోటారు, మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జు, కూలరు, ఇస్త్రీ పెట్టె ఉండుట వాడుకయైనది. అయితే ఈ యంత్రములన్నింటికిని కరెంటును అందించు తీగలు మాత్రము పెక్కు ఇండ్లలో రెండు దీపములకును, ఒక పంకాకును సరిపోవునట్లు ఏనాడో వేసినవే. ఆ పాత తీగలకే ముడిమీద ముడి వేసి క్రొత్త యంత్రములను తగిలించుచున్నారు.

ఇల్లు కట్టదలచినవాడు మేస్త్రీని గురించి పదిమందిని విచారించును. వడ్రంగి చేసిన తలుపును చేతితో తడవి చూచును. కరెంటు పనికి మాత్రము ముందుగా దొరికినవానినో, తక్కువ కూలికి వచ్చువానినో పిలుచుచుండును. గోడ వంకరయైనచో కంటికి తెలియును. గోడలోని తీగ ముడి వదులైనచో తెలియదు. అది తెలియునాటికి ఇల్లు కాలుటయో, ప్రాణము పోవుటయో జరుగును. ఈ కారణముచేత కరెంటు పని ఎవరిచేత చేయింపవలెను, చేసిన పనిని ఎట్లు పరీక్షింపవలెను, గ్రామస్థులు తరచుగా అడుగు సందేహములకు సమాధానములేవి అను విషయములను పంచాయతీ సభ్యుల కొరకు ఇచట వివరించుచున్నాము.

మీటరు వద్ద హద్దు

మొదట బాధ్యతల హద్దు తెలియవలెను. స్తంభమునుండి మీటరు వరకు గల సర్వీసు తీగ, మీటరు విద్యుత్ పంపిణీ సంస్థ బాధ్యతలోనివి. అచట లోపము కనిపించినచో లైన్‌మన్‌కు తెలుపవలెను. లేదా 1912 నంబరుకు ఫోను చేయవలెను. ఇంటి యజమాని గాని, ప్రైవేటు పనివాడు గాని మీటరు సీలును త్రెంచుట, స్తంభమెక్కి తీగ తగిలించుట నేరము, ప్రాణాంతకము కూడ. మీటరునుండి ఇంటిలోనికి వచ్చిన పిదప మెయిను స్విచ్చి, తీగలు, ఎర్తు, ప్లగ్గులు మొదలగునవన్నియు యజమాని బాధ్యతలోనివి. పనివానిని ఎంచుకొనవలసిన అవసరము ఇక్కడనే కలుగును.

ఎవరు అర్హులు?

1956 నాటి భారత విద్యుత్ నియమములలోనే ఈ విషయము నిర్దేశింపబడినది. ఆ నియమముల స్థానమున నేడు 2003 విద్యుత్ చట్టము ననుసరించి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేసిన భద్రతా నిబంధనలు అమలులో నున్నవి. దీపము, పంకా, ఫ్యూజు, స్విచ్చి వంటివి పాడైనపుడు వాని స్థానమున అట్టివే అమర్చుట తప్ప, క్రొత్తగా తీగలు వేయుట, ఉన్నవానిని పెంచుట, మార్చుట, మరమ్మతు చేయుట అను పనులను లైసెన్సు గల కాంట్రాక్టరే చేయింపవలెను. యోగ్యతా పత్రము గల సూపర్‌వైజరు దగ్గరనుండి చూడవలెను. పర్మిట్టు గల వైర్‌మన్ పని చేయవలెను. ఈ పత్రములను రాష్ట్రములలోని ఎలక్ట్రికల్ లైసెన్సింగు బోర్డులు ఇచ్చుచున్నవి.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను శిక్షణ రెండు సంవత్సరములు. ఆ శిక్షణ పొందినట్లు ఇచ్చు పత్రము వేరు, పని చేయుటకు ఇచ్చు పర్మిట్టు వేరు. మొదటిది చదువుకు గుర్తు, రెండవది అనుమతి. పనివానిని పర్మిట్టు చూపుమని అడుగుట అతనిని అవమానించుట కాదు. బస్సు నడుపువానికి లైసెన్సు ఉండవలెనని కోరుట ఎట్టిదో ఇదియు అట్టిదే. పర్మిట్టు మీద పేరు, ఫోటో, గడువు తేదీ సరిచూచుకొనవలెను.

ప్రతి గ్రామమునందును చేతిపనిగా ఈ విద్యను నేర్చుకొని, అర్ధరాత్రి పిలిచినను వచ్చు పనివాడు ఒకడుండును. అట్టివాని ఉపకారమును మేము తక్కువ చేయుట లేదు. అతనిని తొలగించుటకంటె, లైసెన్సింగు బోర్డునుండి పరీక్ష వివరములు తెప్పించి, అతడు పర్మిట్టు పొందునట్లు పంచాయతీ ప్రోత్సహించుట ఊరికిని, అతనికిని మేలు. ప్రమాదము జరిగినపుడు మొదట పోవునది సాధారణముగా పనివాని ప్రాణమే.

పని ఒప్పుకొనుటకు ముందు

కరెంటు పనికి కూలిని సాధారణముగా పాయింటుకు ఇంత అని మాటలాడుకొందురు. అది మంచిదే గాని, పాయింటు అనగా ఏమేమి చేరునో ముందుగా తేల్చుకొనవలెను. స్విచ్చి బోర్డు అమర్చుట, గోడ కోసి గొట్టము వేయుట, ఎర్తు తీగ లాగుట అందులో చేరునా, లేదా? ఎర్తు గుంత కూలి వేరా? ఇట్టివి కాగితముమీద వ్రాసికొన్నచో తగవు రాదు. కూలి, సామాను ఖర్చు వేరువేరుగా చూపవలెను.

సామానులో పిసినారితనము పనికిరాదు. తీగలు, స్విచ్చులు, సాకెట్లు, ఎం.సి.బి.లు ఐ.ఎస్.ఐ. గుర్తు గలవై యుండవలెను. కొన్న సామానుకు బిల్లు తీసికొనవలెను. దీపములకు, పంకాలకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, గ్రైండరు, ఇస్త్రీ పెట్టె వంటివి తగిలించు 16 ఆంపియరుల సాకెట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, గీజరు, ఎ.సి. వంటివానికి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయుట వాడుక. వాడుకలో ఎరుపు ఫేజుకు, నలుపు న్యూట్రలుకు, ఆకుపచ్చ ఎర్తుకు గుర్తు. పచ్చ తీగ మిగిలినదని దానిని ఫేజుకు వాడుట వంటి పొదుపు తరువాత వచ్చు పనివాని ప్రాణము మీదికి తెచ్చును.

పని ముగిసిన వెంటనే మొత్తము చెల్లింపక, పరీక్షలు పూర్తియగువరకు కొంత సొమ్ము నిలుపుకొనుటకు ముందే ఒడంబడవలెను. పరీక్షలు మూడు. మెగ్గరు అను పరికరముతో తీగల తొడుగు బలమును చూచుట మొదటిది. 500 వోల్టుల వద్ద అది ఒక మెగా ఓముకు తగ్గరాదు. ఎర్తు టెస్టరుతో ఎర్తు నిరోధమును కొలుచుట రెండవది. ప్రతి స్విచ్చియు ఫేజు తీగమీదనే ఉన్నదా అని చూచుట మూడవది. స్విచ్చి న్యూట్రలుమీద నున్నచో, ఆపినను దీపపు హోల్డరులో కరెంటు నిలిచియుండును. ఆరియున్నదని నమ్మి బల్బు మార్చబోయినవానికి షాకు తగులును.

ఫ్యూజు ఉండగా భయమేమి?

ఇది మేము గ్రామములలో ఎక్కువగా వినుచున్న ప్రశ్న. దీనికి సమాధానము తెలిసినచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

ఫ్యూజుగాని, దాని స్థానమున వచ్చిన ఎం.సి.బి.గాని కాపాడునది తీగను. తీగ మోయగలిగినదానికంటె ఎక్కువ కరెంటు ప్రవహించి, అది కాలిపోకుండ అడ్డుపడును. మనిషిని కాపాడుటకు అది చాలదు. 9 వాట్ల చిన్న బల్బు వెలుగుటకు 230 వోల్టుల వద్ద ఆంపియరులో 25వ వంతు కరెంటు, అనగా సుమారు 40 మిల్లీ ఆంపియరులు చాలును. అంతమాత్రమే కరెంటు మనిషి గుండె మీదుగా కొన్ని క్షణములు ప్రవహించినను ప్రాణము పోవచ్చును. 6 ఆంపియరుల ఎం.సి.బి.కి ఇది లెక్కలోనికే రాదు. మనిషి పడిపోయినను అది కదలదు.

ఇక ఎర్తు సంగతి. ఫ్రిజ్జులోనో, మోటారులోనో ఫేజు తీగ తొడుగు చెడి ఇనుప పెట్టెకు తగిలినదనుకొందము. పెట్టెకు ఎర్తు ఉన్నచో కరెంటు భూమిలోనికి పోవును. ఎర్తు నిరోధము 5 ఓములైనచో సుమారు 46 ఆంపియరులు ప్రవహించి ఎం.సి.బి. వెంటనే పడిపోవును. వేసవిలో గుంత ఎండి నిరోధము 50 ఓములకు పెరిగినచో 4.6 ఆంపియరులు మాత్రమే ప్రవహించును. 6 ఆంపియరుల ఎం.సి.బి. పడదు. పెట్టెలో కరెంటు నిలిచియే యుండును. దానిని ముట్టినవారికి ఆపద తప్పదు.

ఈ లోటును తీర్చునది ఆర్.సి.సి.బి. ఫేజు తీగలో ఎంత కరెంటు పోవుచున్నదో న్యూట్రలులో అంతయే తిరిగి రావలెను. మనిషి శరీరము ద్వారానో, చెడిన మోటారు ద్వారానో కొంత భూమిలోనికి జారినచో రెండింటికిని భేదము ఏర్పడును. ఆ భేదము 30 మిల్లీ ఆంపియరులకు చేరినచో ఇది రెప్పపాటులో సరఫరాను ఆపివేయును. కనుక ఇండ్లకు 30 మిల్లీ ఆంపియరుల రకమునే వేయింపవలెను. దానిమీద పరీక్షకు ఒక బొత్తాము ఉండును. నెలకొకసారి దానిని నొక్కి చూడవలెను. నొక్కినను పడిపోనిచో దానిని మార్పింపవలెను.

అయితే ఇది ఫేజు, న్యూట్రలు రెండింటిని ఒక్కసారి పట్టుకొన్నవానిని కాపాడలేదు. తీగమీద ఎక్కువైన భారమునుండియు కాపాడదు. కావున ఎం.సి.బి., ఎర్తు, ఆర్.సి.సి.బి. మూడును ఉండవలెను. ఒకటి ఉన్నదని వేరొకదానిని మానుట సరికాదు.

కొన్ని సందేహములు – సమాధానములు

ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నది. లావు తీగ వేయవచ్చునా?

కూడదు. ఫ్యూజు పోవుట రోగమునకు గుర్తు. లావు తీగ వేసినచో ఫ్యూజుకు బదులు గోడలోని తీగ కాలును. భారము ఎక్కువైనదో, ఎక్కడైన తీగలు కలిసినవో పనివానిచేత వెదకింపవలెను.

ఆర్.సి.సి.బి. ఊరక పడిపోవుచున్నది. తీసివేయవచ్చునా?

తీసివేయరాదు. ఇంటిలో ఎక్కడనో కరెంటు జారుచున్నదని అది చెప్పుచున్నది. ప్లగ్గులన్నియు ఊడదీసి ఒక్కొక్కటిగా తగిలించినచో, ఏది తగిలించినపుడు పడునో దానియందు లోపమున్నదని తెలియును. అన్నియు తీసినను పడుచున్నచో లోపము తీగలలో నున్నదని గ్రహించి పనివానిని పిలువవలెను.

ప్లగ్గుకు మూడవ కాలు ఎందుకు? అది లేకున్నను యంత్రము పనిచేయుచున్నది గదా?

మూడవది ఎర్తు. అది తక్కినవానికంటె పొడవుగా నుండుటకు కారణము, పెట్టునపుడు ముందుగా తగిలి, తీయునపుడు చివర విడిపోవుటయే. దానిని విరిచి రెండు రంధ్రముల సాకెట్టులో దూర్చుట, ప్లగ్గు లేక తీగకొనలను అగ్గిపుల్లలతో సాకెట్టులో బిగించుట మిక్కిలి అపాయకరము.

ఎర్తు గుంత ఎట్లుండవలెను?

సుమారు 40 మిల్లీమీటర్ల వ్యాసము, 2.5 మీటర్ల పొడవు గల జి.ఐ. గొట్టమును నేలలో నిలువుగా పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుపొరలుగా నింపుట వాడుకలో నున్న పద్ధతి. వేసవిలో నీరు పోయుచుండవలెను. కిటికీ ఊచకో, కుళాయి గొట్టమునకో ఎర్తు తీగ చుట్టుట కూడదు. కుళాయి గొట్టములు నేడు ప్లాస్టిక్కువి. వాని ద్వారా కరెంటు భూమిలోనికి పోదు.

సాకెట్టు వేడెక్కుచున్నది, నల్లబడుచున్నది. ఏల?

లోపలి మర వదులైనదో, సాకెట్టుకు మించిన భారము వేసినారో అయియుండును. వాట్లను 230తో భాగించినచో ఆంపియరులు తెలియును. 2000 వాట్ల నీళ్ల హీటరుకు దాదాపు 8.7 ఆంపియరులు కావలెను. దానిని 6 ఆంపియరుల సాకెట్టుకు తగిలించినచో వేడెక్కక మానదు.

వీధిలో కొన్ని ఇండ్ల దీపములు మిక్కిలి కాంతిగాను, కొన్ని మసకగాను వెలుగుచున్నవి. కారణమేమి?

సరఫరా లైనులో న్యూట్రలు తెగుట దీనికి ముఖ్య కారణము. అపుడు కొన్ని ఇండ్లకు వోల్టేజి 400 దరిదాపులకు పోవచ్చును. వెంటనే మెయిను ఆపి 1912కు తెలుపవలెను. ఇరుగుపొరుగువారిని కూడ హెచ్చరింపవలెను.

బిల్లు పెరిగినది. మీటరు తప్పా?

ముందు లెక్క చూడవలెను. 1000 వాట్ల యంత్రము ఒక గంట నడిచినచో ఒక యూనిట్టు. 75 వాట్ల పాతరకపు పంకా దినమునకు పది గంటలు తిరిగినచో నెలకు 22.5 యూనిట్లు. 30 వాట్ల క్రొత్తరకపు పంకా అయినచో 9 యూనిట్లు. లెక్కకు పొంతన కుదరనిచో ఇంటిలోని స్విచ్చులన్నియు ఆపి మీటరును చూడవలెను. అపుడును అది నడచుచున్నచో ఎక్కడనో కరెంటు జారుచున్నదేమో పరీక్షింపవలెను.

దండెపు తీగ

ఇంటిలోని ప్రమాదములలో మిక్కిలి హృదయవిదారకమైనది దండెపు తీగ వలన కలుగునది. పెరటిలో ఇనుప తీగను దండెముగా కట్టుదురు. దానికొక కొన సర్వీసు తీగకు ఆనుకొనిన రేకునకో, గొట్టమునకో చుట్టియుండును. గాలికి ఒరసి ఒరసి సర్వీసు తీగ తొడుగు చెడును. వానలో దండెమంతట కరెంటు పారును. తడిబట్టలు ఆరవేయబోయిన ఇల్లాలు దానిని పట్టుకొని విడువలేకపోవును. ఆమెను లాగబోయిన భర్తయు, అతనిని లాగబోయిన బిడ్డయు చిక్కుకొనిన సంఘటనలు మన పల్లెలలో పలుమార్లు జరిగినవి. ఇనుప తీగకు బదులు నైలాను త్రాడో, కొబ్బరి త్రాడో కట్టి, సర్వీసు తీగకు దూరముగా నుంచినచో ఈ ఆపద తప్పును. ఇందుకగు ఖర్చు స్వల్పము.

షాకు తగిలినపుడు

షాకు తగిలినవానిని చేతితో పట్టుకొనరాదు. మొదట మెయిను ఆపవలెను. అది సాధ్యము కానిచో పొడి చెక్కపై నిలిచి, పొడి కర్రతో అతనిని తీగనుండి వేరుచేయవలెను. తెగిపడిన హై టెన్షను తీగ అయినచో కర్రతోనైనను దగ్గరకు పోరాదు. సరఫరా ఆపించిన పిదపనే సమీపింపవలెను.

తరువాత 108కి ఫోను చేయించి, అతడు శ్వాసించుచున్నాడేమో చూడవలెను. కదలిక, సరియైన శ్వాస లేనిచో వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి ఉంచి, సుమారు 5 సెంటీమీటర్లు దిగునట్లు, నిమిషమునకు 100 నుండి 120 సార్లు నొక్కుచుండవలెను. అంబులెన్సు వచ్చువరకు ఆపరాదు. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. లేచి కూర్చుండినను ఆసుపత్రికి తీసికొనిపోవుట అవసరము.

పంచాయతీ చేయవలసినది

ఇంటి లోపలి తీగలు యజమానివే. అయినను ఊరిలో ఒక పద్ధతిని నెలకొల్పగలది పంచాయతీయే. ముందుగా పంచాయతీ తన ఆధీనములోని కట్టడములనుండి ప్రారంభింపవలెను. పంచాయతీ కార్యాలయము, మంచినీటి మోటారు గది, గ్రంథాలయము మొదలగువానియందు ఎర్తు, ఆర్.సి.సి.బి. ఉన్నవో లేవో వానలు పడుటకు ముందే పరీక్షింపజేయవలెను. పాఠశాల, అంగన్‌వాడి కట్టడముల విషయమున సంబంధిత అధికారులతో కలిసి ఈ పని చేయవచ్చును.

వీధిదీపముల పని మరింత జాగ్రత్తతో కూడినది. దీపము ఆరినదని వార్డు సభ్యుడు తొందరపెట్టగా, పంచాయతీ పనివాడు సరఫరా ఆపకయే స్తంభమెక్కుట కలదు. పంపిణీ సంస్థనుండి లైన్ క్లియరు తీసికొనక ఎవ్వరిని స్తంభమెక్కింపరాదు. పర్మిట్టు లేనివానిని ఆ పనికి పంపరాదు. చేతి తొడుగులు, నడుమునకు భద్రతా బెల్టు ఇయ్యక పని చెప్పరాదు. ఒక రాత్రి వీధి చీకటిగా నుండినను ఓర్చుకొనవచ్చును. ఒక కుటుంబము దిక్కులేనిదగుట ఊరికి తీరని నష్టము. జాతరలకు, పెండ్లిండ్లకు జనరేటరు వాడునపుడు చేంజోవరు స్విచ్చి లేక ఇంటి తీగలకు కలుపనీయరాదు. ఆ కరెంటు ఎదురుతిరిగి లైనుమీదికి పోయి, అచట పనిచేయు లైన్‌మన్‌ను బలిగొనగలదు.

సమీపమున పర్మిట్టు గల వైర్‌మన్‌ల పేర్ల పట్టికను పంచాయతీ కార్యాలయమున అంటించినచో గ్రామస్థులకు వెదకుకొను శ్రమ తప్పును. గ్రామసభలో ఒక గంటసేపు ఈ విషయములను చర్చింపవచ్చును. ఆర్.సి.సి.బి. బొత్తామును అందరి ఎదుట నొక్కి చూపినచో, దాని ఉపయోగము మాటలకంటె త్వరగా తెలియును. వార్డు సభ్యుడు తన వార్డులోని ఇనుప దండెములను వానకాలమునకు ముందు ఒకసారి చూచి వచ్చినను చాలును, ఎన్నియో ప్రాణములు నిలుచును.

కరెంటు పనికి పెట్టు ఖర్చు కంటికి కనిపించునది కాదు. రంగు వేసిన గోడను చూచి చుట్టములు మెచ్చుకొందురు గాని, గోడలోని ఎర్తు తీగను ఎవరును మెచ్చుకొనరు. ఆ కనిపింపని తీగయే ఒకనాడు ఇంటిల్లిపాదిని నిలుపును. రాబోవు పంచాయతీ సమావేశమున ఈ విషయమును చర్చకు చేర్చి, పంచాయతీ కట్టడముల పరీక్షకు, వైర్‌మన్‌ల పట్టికకు తీర్మానము చేయవలసినదిగా సర్పంచులను, సభ్యులను కోరుచున్నాము.